చెప్పులు చూసి చేరిన కాలేజీ

మా నాన్న నా డిగ్రీ కాలేజీని చెప్పులు చూసి ఎంచాడు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఉన్నవాళ్ళు మాత్రం నవ్వరు, ఎన్ని జతలున్నాయని అడుగుతారు.

అప్పట్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులతో అడుగుపెట్టడం మహాపాపం. దుమ్ము పడితే మిషన్ చెడిపోతుందని ఎవరో చెప్పారు, ఊరంతా నమ్మింది. దాదాపు ఏ కాలేజీలో చూసినా ఆ గది గుమ్మం పక్కన 'పాదరక్షలు ఇచ్చటనే విడువవలెను' అని బోర్డు. క్లాసుకు ఆలస్యంగా వచ్చి, లెక్చరర్ ముందు నుంచే టకటకా నడుచుకుంటూ పోయే మొనగాళ్ళు కూడా ఆ గుమ్మం దగ్గరికి రాగానే వంగి బూట్ల లేసులు విప్పేవాళ్ళు.

మేం మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు గుమస్తా. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఉద్యోగానికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా యాస మాత్రం అక్కడిదే. మా క్వార్టర్ నుంచి బస్టాపుకి నడిచే దారిలోనే మూడు కంప్యూటర్ సెంటర్లు వెలిశాయి. ఒకటి పిండిమర మీద, ఒకటి నిన్నటిదాకా వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన కొట్లో. మూడోదాంట్లో, పదేళ్ళుగా టైపు నేర్పుతున్న మాస్టారే బోర్డు మార్చి సాఫ్ట్‌వేర్ నేర్పడం మొదలుపెట్టారు. ఏం నేర్పుతున్నారో ఆయనకే సరిగా తెలియదని అందరికీ తెలుసు. అయినా బ్యాచ్‌లో సీటు దొరకడానికి సిఫారసు కావలసి వచ్చేది.

అలాంటి కాలంలో ఇంటర్ పాసై, నేను బీకామ్ చేస్తానన్నాను.

నాకు అకౌంట్స్ అంటే నిజంగానే ఇష్టం. నేను చిన్నప్పటి నుంచి తగవులమారిని. ఇంట్లో ఏ తగవూ ఎప్పుడూ తేలేది కాదు. ఎవరి మాట వాళ్ళదే, చివరికి గొంతు పెద్దదైనవాళ్ళే గెలిచేవాళ్ళు. అకౌంట్స్‌లో అలా కుదరదు. ఈ వైపు ఒక మాట రాస్తే ఆ వైపు దానికి జవాబు రాసి తీరాలి. రెండు వైపులా కూడితే సరిపోవాలి, సరిపోకపోతే తప్పెక్కడుందో దొరికేదాకా వెతకాలి. మొదటిసారి ఒక లెక్క సరిపోయినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇది ఇంట్లో చెప్పుకునే విషయం కాదు కాబట్టి చెప్పలేదు.

పక్కింటి ఆంటీకి మాత్రం బీకామ్ సంగతి చెప్పాను. వాళ్ళది జనగామ వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. ఆమె వరండాలో కుట్టుమిషన్ పెట్టుకుని కాలనీ అంతటికీ జాకెట్లు కుట్టేది. నా భుజాల కొలత తీస్తున్న టేపు అలాగే ఆగిపోయింది.

"మార్కులు తక్కువొచ్చినయా బిడ్డా?"

"లేదాంటీ, బాగానే వచ్చాయి."

"మరేం తక్లీఫొచ్చింది? మా పెద్దోడు సుత కంప్యూటర్ షురూ చేసిండు. వానికి గడియారంల టైం చూసుడు సుత సక్కగ రాదు."

ఇంట్లో వారం రోజులు యుద్ధం జరిగింది. అన్నం మానేస్తానని బెదిరించి, ఒక పూట మానేసి, రెండో పూట వంకాయ కూర వాసనకి ఓడిపోయాను. చివరికి నాన్నే ఒక మెట్టు దిగాడు.

"బీకామే చెయ్యి. కానీ కంప్యూటర్లున్న బీకామ్ చెయ్యాలి. ఏడాది చూస్తాను. ఏడాదికి నీకు కంప్యూటర్ రాలేదనుకో, బీకామ్ మాన్పించీసి ఆ పిండిమర మీద కోర్సులో పడేస్తాను. తరవాత ఏడిస్తే లాభం లేదు."

కంప్యూటర్లు లేని బీకామ్ ఆ రోజుల్లో వెతికినా దొరికేది కాదు. ప్రతి కాలేజీ పేరు కింద ఎర్ర అక్షరాలతో 'కంప్యూటర్స్' అని ఉండేది. ప్రతి బ్రోషర్‌లోనూ ఒకటే ఫొటో: బల్ల మీద కంప్యూటర్, దాని పక్కన ప్లాస్టిక్ గులాబీలు, వెనకాల టై కట్టుకుని ఎటో చూస్తున్న కుర్రాడు. మూడు కాలేజీల బ్రోషర్లలో ఆ కుర్రాడు ఒక్కడే.

నాన్న బ్రోషర్లు పక్కన పడేశాడు. "ఇవన్నీ ఒకే ప్రెస్సులో కొట్టించీసారు. బండి మంచిదో కాదో టైంటేబుల్ చూస్తే తెలస్తాదేటి? ప్లాట్‌ఫారం మీద జనాన్ని చూడాలి" అన్నాడు. కంప్యూటర్ గదిలో నిజంగా పాఠం జరుగుతుంటే గుమ్మం ముందు చెప్పులుండాలి. ఎన్ని జతలుంటే అంత చదువు. ఇదీ ఆయన సిద్ధాంతం. నాకు కోపం వచ్చింది గాని, అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

మొదటి కాలేజీ నాకు చూడగానే నచ్చింది. పాత కట్టడం, ఎత్తు కిటికీలు, లైబ్రరీలో నిజంగా చదువుకుంటున్న మనుషులు. కంప్యూటర్ గది ముందు రెండే జతలున్నాయి. అందులో ఒకటి ఊడ్చే ఆమెదని ఆమె వచ్చి తొడుక్కున్నాక తెలిసింది. నాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రెండో కాలేజీలో బోర్డే లేదు, పిల్లలు బూట్లతోనే లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. "మిషన్ అంటే బొత్తిగా మర్యాద లేదు వీళ్ళకి" అని నాన్న ఫారం కూడా అడక్కుండా గేటు దాటేశాడు. ఆ కాలేజీలో కంప్యూటర్ బాగా నేర్పేవారని తరువాత విన్నాను.

మూడోది రెజిమెంటల్ బజార్ వెనక సందులో, స్టీలు సామాన్ల దుకాణం మీద మూడో అంతస్తు. మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు నుంచే చెప్పులు మొదలయ్యాయి. మెట్టు మెట్టుకీ చెప్పులే. పైన గుమ్మం ముందు కుప్ప. నాన్న ముఖం వెలిగిపోయింది. వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ, పార్సిళ్ళు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు.

"అరవై రెండు జతలు. చూసేవేటి?"

లోపలికి తొంగి చూద్దామంటే తలుపు వేసి ఉంది, దుమ్ము లోపలికి పోతుందని. తలుపు తియ్యమని అడగడం నాన్నకి మర్యాదగా అనిపించలేదు. ఆ పూటే ఫీజు కట్టేశాడు.

మొదటి రోజు నేనూ నా చెప్పులు ఆ కుప్పలో వదిలి లోపలికి వెళ్ళాను. గోడ వారన పది కంప్యూటర్లు, వాటి మీద నీలం గుడ్డతో కుట్టిన ముసుగులు. మిగతా గదంతా బెంచీలు. ఎదురుగా నల్లబల్ల, దాని మీద డెబిట్టూ క్రెడిట్టూ. సంగతేమిటంటే ఆ కాలేజీలో గదులు తక్కువ. ఉన్నవాటిలో పెద్దది కంప్యూటర్లకిచ్చారు. కంప్యూటర్ నేర్పడానికి వచ్చిన ప్రతి లెక్చరరూ నెల తిరక్కుండా ఎక్కడో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయేవాడు. గది ఖాళీగా ఉంచడం ఎందుకని మా అకౌంట్స్ క్లాసు అందులో పెట్టారు. బోర్డు తీసే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి చెప్పులు మాత్రం విప్పాల్సిందే. ఆ ముసుగులు ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజ నాడు తీసి, బొట్లు పెట్టి, మళ్ళీ కప్పేసేవారు.

నేను అంత సంతోషం అంతకు ముందెప్పుడూ ఎరగను. అంత భయమూ ఎరగను. నాన్నకి తెలిసిందంటే పిండిమరే గతి.

పాఠం చెప్పే సార్ యాభై దాటిన మనిషి. పొద్దున మాకు క్లాసు, సాయంత్రం కింద వాళ్ళ అన్నగారి స్టీలు దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు. ఆయన లెక్కలన్నీ ఆ దుకాణంలో నుంచే వచ్చేవి. "జెర ఆలోచించుండ్రి. బిందెలు దుకాణంలకొచ్చినయ్. పైసలియ్యలే. ఇచ్చినోడు ఊకుంటడా? వాని పేరు గా దిక్కు రాయాలె. పరేషాన్ కాకుండ్రి, మెల్లగ రాయుండ్రి." మా కాలనీ కుర్రాళ్ళంతా ఇంగ్లీషులో ఏదో బట్టీ పడుతున్న కాలంలో, నేను బిందెలూ గంగాళాల మధ్య హాయిగా ఉన్నాను.

నాన్న రోజూ రాత్రి అన్నం దగ్గర అడిగేవాడు. "ఇవాళ కంప్యూటర్ క్లాసున్నాదా?" ఉంది నాన్నా అనేదాన్ని. ఆంటీ వాళ్ళ పెద్దోడి దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని రోజుకొకటి వడ్డించేదాన్ని. ఫ్లాపీ అంటే నాన్న తల ఊపేవాడు. హార్డ్ డిస్క్ అంటే అమ్మ ఇంకో గరిటె పప్పు వేసేది. నా అబద్ధాలు నాకే జీర్ణం కాక లావయ్యాను.

ఏడాది నిండే ముందు ఒక సోమవారం, క్లాసు సగంలో ఉండగా తలుపు కిర్రుమంది. నాన్న. బూట్లు బయట విప్పేసి, చిల్లుపడ్డ సాక్సులతో, చొక్కా జేబులో మడత పెట్టిన కాగితంతో నిలబడ్డాడు. గది అంతా ఒకసారి చూశాడు. నీలం ముసుగులు చూశాడు, నల్లబల్ల చూశాడు, నన్ను చూశాడు. ఇక్కడే అరుస్తాడనుకున్నాను, చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడనుకున్నాను.

సార్ సుద్దముక్క దించి, "ఎవలు కావాలె అన్నా?" అన్నారు.

నాన్న మళ్ళీ నల్లబల్ల వైపు చూశాడు. తరువాత "ఏటీ లేదండి. మీరు కానియ్యండి" అని, వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు.

సార్ కూడా వింత మనిషే, కానిచ్చేశారు. ఆ రోజు పాఠం ఒక దుకాణం ఏడాది చివర లాభమెంతో తేల్చడం. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు. గంట కొట్టాక బయట నాన్న మెట్టు మీద కూర్చుని ఆ చెప్పుల కుప్పలో తన రెండో బూటు వెతుక్కుంటున్నాడు. నేనే వెతికి ఇచ్చాను. ఇద్దరం బస్టాపుకి నడిచాం.

బస్సులో సీటు దొరికాక జేబులో కాగితం తీసి నా ఒళ్ళో పెట్టాడు. పెన్సిలుతో, పార్సిల్ రిజిస్టరులో రాసే అవే గుండ్రటి అంకెలతో, మధ్యలో నిలువు గీత గీసి, ఆ రోజు లెక్క మొత్తం వేసుకున్నాడు.

"ఇరవై ఏళ్ళు బట్టి అంకెలు రాస్తన్నాను. ఎక్కడికెళ్తన్నాయో ఎవడూ చెప్పలేదు" అన్నాడు. కొంచెం సిగ్గుపడుతూ, "ఇది మాత్రం మీ మాస్టారు చెప్పినదానికి కలవడం లేదు. తప్పెక్కడో చూడు" అన్నాడు.

చూశాను. వెంటనే దొరికింది. సరుకు రవాణా ఛార్జీ కుడివైపు, ఆదాయం కింద వేశాడు. పార్సిల్ గుమస్తా తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది.

"రవాణా ఛార్జీ మీ ఆఫీసుకి వచ్చే డబ్బు నాన్నా. కొట్టువాడికి అది పోయే డబ్బు. ఎడమవైపు రాయాలి."

"ఓహో" అన్నాడు. మళ్ళీ "ఓహో" అన్నాడు.

దిద్దడానికి వీలుగా కాగితం మడత సరిచేస్తుంటే రెండోవైపు కనిపించింది. పిండిమర మీది కోర్సు అప్లికేషన్ ఫారం. నా పేరు, పుట్టిన తేదీ, చిరునామా, అన్నీ నాన్న చేత్తో పెద్ద అక్షరాలతో నింపి ఉన్నాయి. కింద తండ్రి సంతకం దగ్గర మాత్రం ఖాళీ. ఏదో అనబోయాను.

"ఆ వైపేటి చూస్తావు? లెక్క ఈ వైపున్నాది" అని కాగితం తిప్పి పెన్సిలు నా చేతికిచ్చాడు.