నాయన ఎత్తిన చెయ్యి

మా ఇంట్లో నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. నాయన పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు, ఈ ఇంటి మగ్గం ఆగకూడదని నేను లక్ష్యం పెట్టుకున్నానట. చేతికందిన లా కాలేజీ సీటును నా అంతట నేనే వదులుకుని, ముఖాన చిరునవ్వు చెదరకుండా మగ్గం గుంటలోకి దిగి, తమ్ముణ్ణి ఇంజనీరును చేశానట. వినడానికి బాగానే ఉంటుంది. అందులో నాయనకు పక్షవాతం రావడం నిజం. తమ్ముడు ఇంజనీరు కావడమూ నిజమే, కాని వాడి చదువు వాడు చదువుకున్నాడు, వాడి బదులు నేను పరీక్షలు రాయలేదు. మిగతాదంతా నలుగురూ కలిసి నా మీద నేసిన బట్ట. ఇన్నేళ్ళూ కప్పుకుని తిరిగాను, ఇక చాలనిపించింది.

ఎందుకనిపించిందంటే, మొన్నామధ్య మా తమ్ముడి కూతురు నన్ను ఊరి అంచున మహదేవపురలో ఉన్న తన ఆఫీసుకు లాక్కుపోయింది. ఆడ ఉద్యోగులందరినీ ఒక పెద్ద గదిలో కూర్చోబెట్టి జీవితంలో లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి, పాజిటివ్ యాటిట్యూడ్ ఎలా పెంచుకోవాలి అని తరగతి పెట్టారు. మైకు పట్టుకున్న అమ్మాయి నవ్వడం ఒక్క క్షణం కూడా ఆపలేదు, దవడలు నొప్పెట్టవా అని నాకే దిగులేసింది. అందులో మా పిల్ల లేచి మా అత్తే నా ఇన్‌స్పిరేషన్ అంటూ ఆ కథంతా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. లేచి బయటికి పోదామనుకున్నాను. ఆ తలుపు మెడలోని కార్డు చూపిస్తే తప్ప తెరుచుకోదట. కార్డు మా పిల్ల మెడలో ఉంది, మా పిల్ల వేదిక మీద ఉంది. చల్లటి గదిలో, శాలువాలో, నాకు చెమటలు పట్టాయి. అప్పుడా మైకు అమ్మాయి పసుపుపచ్చ కాగితం ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "ఆంటీ, మీ గోల్ ఏంటో రాయండి, ఏం పర్వాలేదు, ఏజ్ ఈజ్ జస్ట్ ఎ నంబర్" అంది.

లక్ష్యం రాసుకోవడం ఈ పిల్లలే కనిపెట్టినట్టు మాట్లాడతారు గాని, నా ఈడు వాళ్ళు ఒప్పుకుంటారో లేదో, మాకూ ఉండేవి. కాగితం మీద రాసి గోడకు పెట్టుకునేంత చోటు ఇంట్లో ఉండేది కాదు, అంతే తేడా. ఊరి నడిబొడ్డున పేటలో మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. ముందు గదిలో మగ్గం, నడిమి గదిలో మనుషులు, వెనక పొయ్యి. తెల్లవారి లేస్తే వీధంతా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో మాట వినబడాలంటే గొంతు పెంచక తప్పదు కాబట్టి మా వీధి ఆడపిల్లలందరికీ పెద్ద గొంతులే. నాకు గొంతుతో పాటు నోరు కూడా వచ్చింది. కూరగాయల బండి దగ్గర, నీళ్ళ కొళాయి దగ్గర, బస్సులో చిల్లర ఇవ్వని కండక్టరు దగ్గర, నేను వాదించని చోటు లేదు. బి.ఏ. అయ్యేసరికి ఈ నోటికి తగిన పని ఒక్కటే ఉందని నాకు తేలిపోయింది. కోర్టు.

నాయన ఎగతాళి చేయలేదు. మా మేనత్త, నాయనకు చెల్లెలు, ఆనేకల్లో ఉండేది, వచ్చినప్పుడల్లా చేసేది. "ఏందే, నల్లకోటు ఏసుకొని ఎవుర్ని జైల్లో ఏపిస్తావు? మమ్మల్నేనా?" అనేది. ముందు నిన్నే అనేదాన్ని నేను. ఆడ వకీళ్ళు తెల్లచీర కడతారని నాయన ఎవరి దగ్గరో విన్నాడు. ఒకరోజు, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెను ఆపకుండానే అన్నాడు, "నీ తెల్లచీర నేనే నేస్తాలేప్పా. ఈ ఎరుపూ పసుపూ చూసి చూసి కండ్లు బేజారైపోయినాయి." మేనత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "పెండ్లి చీరలు నేసే మగ్గం మింద తెల్ల పడుగా! ఇంటికి మంచిది కాదన్నా" అంది. నాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఒక్కటే నా దగ్గరున్న ఒప్పందం, సాక్షి సంతకం లేని ఒప్పందం.

ఆ ఎండాకాలమే నాయనకు కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. మగ్గం మీద సగం నేసిన పడుగు ఉంది. పడుగంటే నిలువు పోగుల వరుస, ఒకసారి ఎక్కిస్తే దాని మీద వరసగా చీరలు దిగుతాయి. నేత తెలిసినవాళ్ళు ఒక సంగతి చెబుతారు. పోగును బిగించే ఒక మనిషి చేతి దెబ్బతో మొదలైన బట్టను ఇంకో చెయ్యి అందుకుంటే అక్కడ గీత గీసినట్టు కనబడుతుంది, షావుకారు తీసుకోడు. నేను చిన్నప్పటి నుంచి నాయన పక్కన కూర్చుని అంచు నాడె వేసినదాన్ని. ఆయన దెబ్బకు నా ఊపిరి కూడా అలవాటు పడి ఉండేది. గీత పడకుండా నేయగల చెయ్యి ఇంట్లో నాదొక్కటే. దిగాను. దిగేముందు అమ్మకూ, మేనత్తకూ, మంచంలోని నాయనకూ వినబడేటట్టు చెప్పాను, ఈ పడుగు అయ్యేదాకానే, అయిన మర్నాడే కాలేజీకి పోతానని. ఎవ్వరూ కాదనలేదు. అదీ నేను పెట్టుకున్న లక్ష్యం. మగ్గం ఆగకూడదని కాదు, మగ్గం ఆగాలని.

గుంటమగ్గం చూడనివాళ్ళకు చెప్పాలి. నేలలో నడుం లోతు గుంట, అందులోకి కాళ్ళు వేలాడేసి కూర్చోవాలి. అడుగున తొక్కే చెక్కలు, ముందు అడ్డంగా దూలం, నేసిన బట్ట దానికి చుట్టుకుంటూ వచ్చి ఒడిలో బిగుసుకుంటుంది. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేవడం కుదరదు, అన్నీ విప్పుకుని పైకి రావాలి. తలుపు తట్టినవాళ్ళు విసిగి వెళ్ళిపోయేవాళ్ళు. చూడవచ్చిన చుట్టాలు గడప దగ్గరే నిలబడి, "పాపం, ఎంత నగుతా నేస్తా ఉండాదో చూడు" అనేవాళ్ళు. నవ్వా! నాడెలో కండె, అదే పోగు చుట్టిన పుల్ల, మార్చినప్పుడల్లా నాడెకుండే సన్నటి కన్నానికి పెదవులు పెట్టి పోగును పీల్చి బయటికి లాగాలి. ఆ పీల్చడానికి పెట్టిన మూతి అది. మగ్గమెక్కాక ఈ పిల్ల నోరు మంచిదైందని కూడా అన్నారు. నోట్లో పట్టుపోగు పెట్టుకుని ఎవరు మాట్లాడగలరు?

మాట్లాడలేదు గాని లెక్కపెట్టుకున్నాను. ఎదురుగా అవతలి కొసన, పడుగు చుట్టిన దూలం రోజురోజుకూ సన్నబడుతుంటే చూసుకోవడమే నా పండగ. అది అరటిబోదె అంత లావు నుంచి రోకలి అంతకు వచ్చింది. పోగుల కింద నుంచి కొయ్య కనబడిన రోజున గుంటలో కూర్చునే పాట పాడాను, అమ్మ రాట్నం ఆపి నా వైపు చూసింది.

ఇక చివరి చీర మిగిలిందనగా కాలేజీలో చేర్చుకునే గడువు దగ్గర పడింది. పొద్దున్నే తలంటుకుని, సర్టిఫికెట్లు పట్టుకుని బస్సెక్కి పోయాను. అక్కడి గుమాస్తా కాగితాలు చూసి, సోమవారం వచ్చి చేరిపొమ్మన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ ప్రయాణం ఎంత బాగుందో ఇప్పటికీ చెప్పలేను. కాళ్ళు నేలకు సమంగా పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో మేనత్త కూర్చుని ఉంది. వేళ్ళనిండా బూడిద. పోగు జారకుండా బూడిద అద్దుకుని, పాత పడుగు కొసకు కొత్త పడుగు కొస, ఒక్కొక్క పోగే మెలిపెట్టి అతుకుతోంది. మగ్గం ఎప్పుడూ ఖాళీ కాకుండా మావాళ్ళు చేసే పద్ధతే అది, పాతది పూర్తిగా అయిపోకముందే కొత్తదాన్ని తగిలించేస్తారు. అవతలి కొసన కొత్త దూలం, దాని మీద ఎర్రటి పట్టు, అరటిబోదె అంత లావుగా. కుంకుమబొట్టు కూడా పెట్టేశారు.

"వచ్చినావా? కాళ్ళు కడుక్కో. ఇంగ కొంచెమే ఉండాది" అంది తలెత్తకుండా.

"ఎవర్ని అడిగి అతికినావత్తా?"

"ఎవుర్ని అడగాల? మీ నాయన్నే అడిగితిని. చెయ్యెత్తినాడు. అతుకమనే."

"నేను కోసేస్తా."

"కొయ్యి. కత్తెర ఆడే ఉండాది. మీ నాయన ముందరే కొయ్యి."

ఆమెకు తెలుసు నేను కోయలేనని. అతికి బొట్టు పెట్టిన పడుగును కోస్తే ఇంటి పెద్ద ఆయుష్షు తెగుతుందని మా ఇళ్ళలో అంటారు. నమ్ముతావా అని అడిగితే, బి.ఏ. చదివినదాన్ని, నమ్మను. కాని పక్క గదిలో నాయన కళ్ళు తెరుచుకుని మమ్మల్నే చూస్తుంటే కత్తెర పట్టుకోవడానికి ఎంత అపనమ్మకం కావాలో అంత నా దగ్గర లేకపోయింది. అంత వాదించేదాన్ని, ఆ సాయంత్రం నా కేసు నేను ఓడిపోయాను.

సోమవారం గుంటలోనే గడిచింది. ఆ ఎర్ర పడుగు అయ్యేలోపు ఇంకొకటి, అది అయ్యేలోపు మరొకటి. ఎప్పుడు అతికేవారో నాకు చెప్పేవారు కాదు, నేను స్నానానికి పోయినప్పుడో, పెళ్ళికి పోయినప్పుడో అతికేసి ఉండేది. నాయన చాలాకాలం బతికాడు. పక్కన కూర్చుని ఎన్నోసార్లు అడిగాను, ఆ రోజు అత్తకు అతకమనే చెప్పావా నాయనా అని. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా లేచేది. నీళ్ళు కావాలన్నా అదే చెయ్యి, ఈగ వాలినా అదే చెయ్యి, రేడియో ఆపమన్నా పెట్టమన్నా అదే చెయ్యి. తెల్లచీర మాట ఎత్తితే మాత్రం చెయ్యి లేచేది కాదు, కళ్ళు తడిసేవి.

నాయనా పోయాడు, మేనత్తా పోయింది. చాలా ఏళ్ళకు, ఒక చలికాలం మధ్యాహ్నం అమ్మా నేనూ అవరెకాయలు, అదే అనపకాయలు, ఒలుస్తూ కూర్చుంటే, అమ్మ ఉన్నట్టుండి అంది.

"ఆ పొద్దు మీ నాయన చెయ్యెత్తింది వద్దనే. నేను చూస్తా ఉంటిని."

ఒలుస్తున్న కాయ పక్కన పెట్టాను. "అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పింటే నువ్వు కోసేసి ఉందువు" అని, ఒలిచిన గింజలు గిన్నెలో పోసుకుని లేచిపోయింది. కొన్నాళ్ళకు ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు సాక్షులున్నారు, ఇద్దరూ ఒకే చెయ్యి చూశారు, ఇద్దరూ వేరువేరు మాటలు చెప్పారు, ఒక్కరినీ మళ్ళీ ప్రశ్నించడానికి లేదు.

మరమగ్గాలు వచ్చి మా చేతిమగ్గాన్ని ఇంటి నుంచి తీసేసిన రోజున పడుగు దానంతట అదే అయిపోయింది, అప్పటికి నాకు కాలేజీ వయసు దాటి చాలాకాలమైంది. తరువాత చీరల అంగడిలో ఉద్యోగం, ఆ నోటితోనే. పేటలో మా ఇల్లు ఇప్పుడు ఉద్యోగం చేసే అమ్మాయిల హాస్టలు. మగ్గం గుంటను కంకరపోసి పూడ్చి, పైన మెరిసే పలకలు వేశారు. ఒకసారి ఆ పక్కగా పోతూ తొంగిచూశాను. సరిగ్గా అక్కడే బల్ల వేసుకుని ఒక పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. పలకల కింద ఏముందో దానికేం తెలుసు. వీధిలో మగ్గాల చప్పుడు లేదు. అంత నిశ్శబ్దంలో కూడా ఆ పిల్ల చెవుల్లో ఏదో పెట్టుకుని ఉంది.

ఆ రోజు మహదేవపుర నుంచి కారులో తిరిగి వస్తూ మా తమ్ముడి కూతుర్ని అడిగాను, అందరి లక్ష్యాలూ విన్నావు, నీది ఏమి రాశావని. ట్రాఫిక్కులో కారు కదలడం లేదు. అది తల వెనక్కి వాల్చి, "ఈ ఉద్యోగం వదిలేసి కుండలు చేయడం నేర్చుకోవాలని ఉండాదత్తా. ఈ ప్రాజెక్టు అయిపోతానే పేపర్ పెట్టేస్తా" అంది.

"పోయినేడాది కూడా ఇదే చెప్పినావు కదే."

"అది వేరే ప్రాజెక్టత్తా. అది అవకముందే దీంట్లో వేసేసినారు. నేను లీవులో ఉంటిని అప్పుడు."

నా కాలంలో కనీసం వేళ్ళకు బూడిద కనబడేది, ఎవరు అతికారో తెలిసేది, ముఖాన అడగడానికి ఒక అత్త ఉండేది. దీనికి ఒక ఈమెయిలు వచ్చిందట, కింద పేరు కూడా ఏదో డిపార్టుమెంటుదే. పైగా దాన్ని చిరునవ్వుతో చేయమని శాలువాలు కప్పి నేర్పిస్తున్నారు, నన్ను చూపించి. నా మీద నేసిన ఆ బట్టను ఈ పిల్లకు కప్పుతుంటే ఊరుకోలేను, అందుకే ఇది రాస్తున్నాను. దానికి ఆ రాత్రే ఒకమాట చెప్పాను, నీ పక్కనుండే కత్తెర నీకు ఎవరూ చేతికివ్వరు, ఇస్తే దానితో నువ్వు కోయలేవని తెలిసే ఇస్తారని. అది విన్నట్టే ఉంది, ఫోనులో ఏదో చూసుకుంటూ.

ఆ పసుపుపచ్చ కాగితం నేనేమీ రాయకుండా ఇంటికి తెచ్చేసుకున్నాను. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. అందులో రాయడానికి లక్ష్యమేదీ లేదు, ఒక ప్రశ్న ఉంది. మగ్గాలవాళ్ళు కాని, పక్షవాతం మనుషుల దగ్గర కూర్చున్నవాళ్ళు కాని, నా ఈడు వాళ్ళెవరైనా చెప్పగలరేమో. తన కూతురికి తెల్లచీర నేస్తానన్న మనిషి, మాట పడిపోయాక, ఎర్ర పడుగు చూపించి అతకమంటావా అని అడిగినప్పుడు ఎడమ చెయ్యి పైకెత్తితే, అది కానిమ్మనా, ఆగమనా?