కింది రెప్ప

హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్ నగర్‌లో జీవశాస్త్రాన్ని ఎవరూ చదవరు, బిట్లుగా బట్టీ పడతారు. నేనూ అంతే. ఇప్పుడు అక్కడే పోటీ పరీక్షలవాళ్లకు ఆ సబ్జెక్టే చెప్పి బతుకుతున్నాను కనుక ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను.

అప్పట్లో హాస్టల్ గదిలో నాతో ఉన్న అక్క మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. మొదటి రాతపరీక్ష గట్టెక్కింది, ఇక పరుగులో నెగ్గాలి. వయసు లెక్కన ఆ నోటిఫికేషనే ఆమెకు ఆఖరిది. అది పోతే మళ్లీ దరఖాస్తు చేసే వీలే లేదు. ఈ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తేది కాదు. కానీ గోడమీది క్యాలెండర్లో పరుగు తేదీ చుట్టూ పెన్నుతో గీసిన సున్నా రోజూ మా ఇద్దరికీ కనబడేది.

మాకొక ఆట ఉండేది. మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వచ్చి అన్నం తింటూ ఒకరినొకరు బిట్లు అడుక్కునేవాళ్లం. తప్పు చెప్పినవాళ్లు కిందికి పోయి ఫ్లాస్కులో చాయ్ తేవాలి. హాస్టల్ పప్పులో పప్పు వెతుక్కోవాలి, చాయ్ మాత్రం చిక్కగా దొరికేది. ముద్ద దిగీ దిగకముందే తాగేసేవాళ్లం.

హీమోగ్లోబిన్‌లో ఉండే లోహం? ఇనుము. ఎర్ర రక్తకణం బతికేది? నూట ఇరవై రోజులు. ఒంట్లో ఇనుము తక్కువైతే? రక్తహీనత. లక్షణాలు? నీరసం, ఆయాసం, కళ్లు తిరగడం, మట్టీ సుద్దా తినాలనిపించడం. అక్క వీటిలో ఒక్కటీ తప్పేది కాదు. చాయ్‌కి ఎప్పుడూ నేనే దిగేదాన్ని.

ఆ జవాబులు చెబుతూనే అక్క సుద్దముక్క కొరికేది. కోచింగ్ సెంటర్లో బోర్డు కింద పడ్డవి ఏరి తెచ్చి సంచి జేబులో దాచుకునేది. నువ్వు సెలెక్టయితే సర్కారు నీకు జీతం సుద్దముక్కల్లోనే ఇస్తుందని ఆటపట్టించేదాన్ని. ఆమె నవ్వేది. లైబ్రరీ మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగిందని ఒకరోజు బద్ధకం అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పరుగుకు ఇరవై రోజులుందనగా, పొద్దున్నే మైదానంలో రెండో చుట్టు పూర్తికాకుండానే పడిపోయింది. ఆటోలో నారాయణగూడలోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ ఏ పరికరమూ ముట్టుకోలేదు. బొటనవేలితో అక్క కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంది. నాకూ కనబడింది. ఏడాదిపాటు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నదాన్ని, నాకు అప్పుడే కనబడింది.

డాక్టరమ్మ రక్తపరీక్షకు రాస్తూ, సుద్దగానీ మట్టిగానీ తింటావా అని అడిగింది. అక్క తల తిప్పి నా వైపు చూసింది.

"ఇది మనకు వచ్చు గదనే," అంది.

రిపోర్టు వచ్చింది. హీమోగ్లోబిన్ ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. డాక్టరమ్మ ఇంజెక్షన్లు, మాత్రలు రాసింది. అన్నం తినగానే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, మానేయమంది. కొన్ని నెలలదాకా పరుగు మాట ఎత్తొద్దంది. తిరుగు ఆటోలో అక్క అశోక్ నగర్ మలుపు దగ్గర, నేను బిట్ అడిగినట్టే, తనంతట తానే జవాబు చెప్పింది.

"కొత్త రక్తం పట్టాలంటే నెలలు పడ్తది. నా దగ్గరున్నయి ఇరవై రోజులు."

పరుగు తేదీకి ముందురోజు ఊరికి వెళ్లిపోయింది. క్యాలెండర్ గోడకే వదిలేసింది. బస్సెక్కేటప్పుడు కూడా ఏడవలేదు, ఏడ్చింది నేనే. ఆమే నన్ను ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

నాకూ సర్కారు కొలువు రాలేదు. ఏ బిట్లు నన్ను గుడ్డిదాన్ని చేశాయో అవే బిట్లు ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను.

ఈమధ్య రక్తం పాఠం ముగించి, రక్తహీనత లక్షణాలు చెప్పమంటే ముందు బెంచీ అమ్మాయి లేచింది. ఒక్కటీ తప్పకుండా చెప్పింది. అందరికంటే బాగా చెప్పావని మెచ్చుకుని బోర్డు తుడవడానికి తిరిగాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆ అమ్మాయి వంగి ఉంది. నా చేతిలోంచి జారిన సుద్దముక్కను తీసి పిడికిట్లో మూసుకుంది.

"ఏం లేదు మేడమ్," అంది, నేను అడగకముందే.

పిడికిలి తెరవమనలేదు. దగ్గరకు పోయి, బొటనవేలితో ఆమె కింది రెప్ప లాగాను.