ఎకసెక్కాల వరస

మా రాగిగనుల పట్నం కిట్వేలో మేం పనిచేసే సిమెంటు ఇటుకల యార్డుకు యజమాని చైనా నుంచి వచ్చిన లువో. అక్కడ వంట చేసేది తిసౌకే జెరే. ఎంగోనీ తెగ మనిషి, భర్త పోయినావిడ. పొయ్యి దగ్గర కూర్చునే యార్డునంతా ఏలేది.

మా బెంబా తెగకూ ఎంగోనీలకూ ఎకసెక్కాల వరస. వాళ్ళు ఎలకలు తింటారని మేమూ, మేం కోతుల్ని తింటామని వాళ్ళూ ఏడిపించుకుంటాం. ఎవరెన్ని మాటలన్నా కోపం తెచ్చుకోకూడదు. చావింట్లో ఆ వరసవాళ్ళే పోయినవాళ్ళలా నడిచి, మాట్లాడి, ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. నవ్వించకపోతేనే తప్పు. నేను ఆమె నోటికి రోజూ దొరికేవాణ్ణి. పోనుపోను ఆమె లువోతో కూడా వరస కలిపింది.

"ఏమయ్యో కప్పల్రాజా, తిండికి రావా? కంకర నములుతున్నావా?"

"వస్తా, వస్తా, ఎలకలమ్మా! షిమా ముద్దలో ఎలక వేశావా?" అని లువో మా భాషలో తనకొచ్చిన నాలుగు ముక్కల్లో అరిచేవాడు.

"నీకెందుకేస్తాను? మావాళ్ళకే చాలట్లేదు!"

సెలవడిగితే మాతో రాయిలా ఉండే మనిషి, ఆమె దగ్గర చుట్టమైపోయేవాడు. మా మధ్యే కూర్చుని తినేవాడు. రెండు దేశాల స్నేహం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. నా కంటికి కనిపించిందల్లా ఆ పొయ్యి దగ్గరిదే.

జూన్‌లో చైనాలో లువో తల్లి పోయింది. అతను వెళ్ళలేకపోయాడు. ఆఫీసు గదిలో ఆమె ఫోటో పెట్టి, ముందు నారింజపళ్ళు ఉంచి కూర్చున్నాడు. మేం వెళ్ళి గోడవారగా చేరాం. అప్పుడొచ్చింది తిసౌకే, నడుం వంచి, కర్ర పోటేసుకుంటూ, ఫోటోలోని ముసలామెలాగే పెదాలు బిగించి.

"ఒరే లువో! ఇంత బక్కచిక్కావేంరా? ఆ వంటమనిషి నీకు తిండి పెట్టట్లేదా?" అంటూ ఒక నారింజ తీసి ఒలుచుకుంది.

మావాళ్ళు నవ్వారు. లువో లేచి ఆ పండు లాక్కుని తలుపు చూపించాడు. సగం ఒలిచిన దాన్ని మళ్ళీ ఫోటో ముందు పెట్టాడు.

మర్నాటి నుంచి ఆమె పనిలోకి రాలేదు. నేను ఆమె ఇంటికి వెళ్ళాను.

"పోయి తప్పయిందని ఒక్క మాట చెప్పు, అమ్మా."

"బుద్ధుందా నీకు, కోతి మాంసం వాడా? ఈ వరసలో తప్పయిందన్నానంటే, నువ్వు నాకేమీ కావని అతనితో చెప్పినట్టే."

"పోనీ, మన ఆచారమిదని నేను చెప్తాను."

"తల్లి పోయినవాడితో, తెలుసుకోకపోవడం నీ తప్పేనని చెప్తావా?" అంది. "నేనేరా అడక్కుండా వరస కలిపింది. నవ్వాడు కదాని ఒప్పుకున్నాడనుకున్నాను. రాత్రీ పగలూ ఆ సగం ఒలిచిన పండే కనిపిస్తోంది."

సోమవారం పొద్దున ఆమె వచ్చి ఆఫీసు గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, పరాయివాళ్ళకు మర్యాద చేసినట్టు మెల్లగా చప్పట్లు చరిచి, అతన్ని మొదటిసారి దొరా అని పిలిచింది.

"బ్వానా, మీ తల్లిగారి దగ్గర తప్పు చేశాను. క్షమించండి."

లువో కంగారుగా వచ్చి ఆమెను లేపాడు. "అయిపోయింది, అయిపోయింది. వంట చెయ్యి." అతని మొహం తేటపడింది. అంతా మునుపటిలా ఉంటుందనుకున్నాడు, పిచ్చివాడు.

మధ్యాహ్నం తనే పొయ్యి దగ్గరికొచ్చాడు.

"కూర సగం నువ్వే తినేశావా? పొట్ట చూస్తే తెలుస్తోంది!"

తిసౌకే తల దించుకుంది. "ఇంకొంచెం వెయ్యమంటారా, బ్వానా?"

అతను నావైపు తిరిగాడు. "ఏమైంది? నేను క్షమించాను కదా?"

నేను చెప్పబోయాను. తిసౌకే వద్దన్నట్టు చూసింది. లువో కంచం పట్టుకుని ఆఫీసు గదిలోకి పోయి, ఒక్కడే తిన్నాడు.