సగం గడ్డం, రెండో భాగం

మా నాన్న బస్తరు సంస్థానం మొత్తంలో ఎవరికీ ఇనాం ఇవ్వని మనిషిగా పేరు తెచ్చుకోవడానికి కారణం ఒక జవాను. అంతకుముందు ఆయన కూడా అందరిలాగే చేతికందిన చిల్లర ఇచ్చి, ఇచ్చాక గొణుక్కునే మనిషే.

అప్పుడు మేం ఎర్రబోరులో ఉండేవాళ్ళం. నాన్న కలప డిపోలో మున్షీ. దుంగలు వస్తే రాసుకోవడం, బండ్లు వెళ్తే రాసుకోవడం ఆయన పని. ఒకరోజు పర్యటనకు వచ్చిన ఎవరో పెద్ద దొరగారి బంట్రోతు, ఆ జవానే, డిపోకు వచ్చి నాన్న చేతికి ఒక కాగితం ఇచ్చాడు. ఇచ్చి, కదలకుండా నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నెల జీతం ఆలస్యమవుతుందని కాగితంలో ఉంది. "బక్షీస్, మున్షీజీ" అన్నాడు జవాను. జీతం రాదన్న కబురు మోసుకొచ్చినందుకు బక్షీసు! నాన్న ఇచ్చాడు కూడా. ఇచ్చి, ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలో నిలబడి చెప్పాడు.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్ల ఇనాం బందు. పనికి కూలి, కూలికి పని. నడుమ ఈ చేతులు చాపుడు ఏంది?"

ఇంట్లో ఉన్నది నాయనమ్మా నేనూ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను ఎలాగూ మాట్లాడను కాబట్టి ఆ ప్రకటన నాయనమ్మ ఒక్కతే విన్నట్టు లెక్క. ఆమె చాటలో చింతగింజలు ఏరుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"మరి రామయ్యకు కొట్టే కొబ్బరికాయ ఏందిరా?"

"అది మొక్కు."

"పని చేసిపెడితే కాయ కొడ్తనని అంటవు. అయినంక కొడ్తవు. మంగలాయనకు ఇచ్చేది ఇనామైతే, అది ఇనాం కాదా? దేవునికి నెల జీతం నువ్వేమన్న ఇస్తున్నవా?"

నాన్న చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయాడు. దేవుడి సంగతి అలాగే తేలకుండా ఉండిపోయింది. మంగలాయన సంగతి మాత్రం వచ్చే వారపు అంగడి రోజుకే తేల్చేశాడు.

ఆయన్ని మేం పెద్దయ్య అనేవాళ్ళం. కోంటలో ఉండేవాడు. అంగడి రోజున కత్తుల పొది చంకన పెట్టుకుని ఎర్రబోరు వచ్చి, ముందు మా ఇంటికి, ఆ తర్వాత పోలీసుల దగ్గరికి, చివరికి అంగట్లో చింతచెట్టు కిందికి చేరేవాడు. చుట్టుపక్కల గూడేల దొర్లవాళ్ళు ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకుని, ఒకరినొకరు చూసి నవ్వుకుని, పనిలోకి పోతారు. కనుక ఇనాం ఇవ్వాలా వద్దా అన్న బాధ ఆ ఊళ్ళో మాలాంటి నాలుగిళ్ళకే ఉండేది.

పెద్దయ్య నాన్నకు గడ్డం గీసేవాడు. అంతటితో ఆగేవాడు కాదు. మాడు మీద నూనె పోసి రెండు చేతులతో దరువు వేసేవాడు. చెవులు శుభ్రం చేసేవాడు, వేళ్ళు విరిచేవాడు, నాయనమ్మ కాలిలో ముల్లుంటే తీసేవాడు. శబరి ఏటికి ఇవతల ఎవరికి జ్వరం వచ్చిందో, అవతల ఎవరి బర్రె ఈనిందో చెప్పేవాడు. అన్నీ అయ్యాక నాయనమ్మ పొగాకో, చాటెడు బియ్యమో, నాన్న చిల్లరో ఇచ్చేవారు. ఏటా ఇచ్చే ధాన్యం వేరు.

నాకు కావలసింది ఆ పొదిలో అడుగున ఉండేది. కత్తులకూ పటిక ముక్కకూ కింద, గుడ్డలో చుట్టిన పుస్తకం. ఏరు దాటి పెద్దయ్య అత్తగారి ఊరికి తరచూ వెళ్ళేవాడు. అక్కడ ఆయన బావమరిది ఒక బడిపంతులుకి క్షవరం చేసేవాడు. పంతులు దగ్గర బీరువా నిండా పుస్తకాలు. పిల్ల చదువుకుంటుంది తెచ్చిపెట్టమని నాయనమ్మ ఎప్పుడో ఒకసారి అడిగింది. అప్పటి నుంచి చదివినది పోవడం, చదవనిది రావడం. పేజీ తిప్పితే ముందు ఎవరిదో మీసం ముక్క రాలేది, ఆ తర్వాతే కథ మొదలయ్యేది. ఇంత చేసిన మనిషితో నేను ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఇంటికి ఎవరొచ్చినా తలుపు వెనక్కి పోవడం నా అలవాటు. ఆ తలుపుకు నా భుజం ఆనే చోట నూనె మరక కూడా పడింది.

ఇనాం బందు సంగతి నాన్న మర్యాదగానే చెప్పాడు. ధాన్యం కాక నెలకింతని కూలి పెంచాడు. పిసినారి మాత్రం కాదు ఆయన.

"మంచిదే మున్షీగారూ" అన్నాడు పెద్దయ్య. "అయితే గడ్డమంటే ఏడ దాకా?"

"గడ్డమంటే గడ్డమే. ఇందుల అడిగేదేంది?"

"చెవి పక్కన ఉన్నది గడ్డమా, జుట్టా? జుట్టయితే క్షవరం లెక్కల పోతది."

"గడ్డమే."

"మీసమో?"

"మీసం నువ్వెప్పుడూ సరిచేస్తనే ఉన్నవు గదా."

"అది మీరు ఇచ్చేది చూసి చేసిన. కూలికి చేయాలెనంటే ముందు తెలవాలె గదండి."

మీసం కూలిలోకి వచ్చింది. ముక్కులో వెంట్రుకలు రాలేదు. ఆ రోజు పెద్దయ్య గడ్డం గీశాడు, కత్తి తుడిచాడు, లేచి పోయాడు. నూనె లేదు, దరువు లేదు. అద్దం కూడా పట్టలేదు. నాన్న తనే అద్దం పట్టుకుని, రెండో చేత్తో పటిక రుద్దుకున్నాడు. అన్నిటికన్నా కష్టమైంది పెద్దయ్య మాట్లాడకపోవడం. "వీడి వాగుడుతో తల నొప్పి" అని ఇన్నాళ్ళూ విసుక్కున్న మనిషి, ఆ నిశ్శబ్దంలో తల అటూ ఇటూ తిప్పి రెండు గాట్లు పెట్టించుకున్నాడు.

ఇనాం బందు మా ఇంటి గోడలు దాటి కూడా పోయింది. ఒకసారి కోంట దగ్గర ఏరు దాటాం. పడవాయన ప్రతిసారీ నాయనమ్మను చెయ్యి పట్టి పొడి ఇసుక మీద దించేవాడు. ఈసారి మోకాలి లోతు నీళ్ళలో పడవ ఆపి "రేవు వచ్చింది, దిగండి" అన్నాడు. రేవు ఇంకా కొంత దూరంలో కనిపిస్తూనే ఉంది. నాయనమ్మ చీర పైకి పట్టుకుని నీళ్ళలో దిగి, నాన్న వైపు చూసి, "నీ కూలి ఈడిదాకనే ఉన్నదట కొడుకా" అంది.

నాకు ఇవన్నీ తమాషాగానే ఉన్నాయి, పొది అడుగు ఖాళీగా వచ్చేదాకా. అంతకుముందు నెలలో నేను ఒక నవల మొదటి భాగం చదివాను. మంత్రి గారి కూతురు మగవేషం వేసి, గుర్రాల వర్తకుడినని చెప్పి శత్రువుల కోటలోకి పోతుంది. కోట గుమ్మంలో కాపలావాడు భుజం పట్టి గుంజుతాడు. తలపాగా జారిపోతుంది, జుట్టు బయటపడుతుంది. అక్కడ మొదటి భాగం అయిపోయింది. ఆమె ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది, నేను ఎర్రబోరులో కూర్చుని ఉన్నాను. మా ఇద్దరికీ విముక్తి ఏటి అవతల పంతులు బీరువాలో ఉంది.

నాయనమ్మ పొగాకు మడత పెట్టి పెద్దయ్యను అడిగింది. ఆయన పొగాకు ముట్టుకోలేదు.

"పుస్తకం తెచ్చుడు కూలిల లేదు పెద్దమ్మా. ఇనాం తీసుకుంటే మున్షీగారి మాట పోతది."

"వాని మాట పోతే మంచిదేనయ్యా. తీస్కో."

"ఊహూఁ. మాటిచ్చిన."

ఆయన ముఖంలో కోపం లేదు. చాలా సంతోషంగా ఉన్నాడనిపించింది. మా నాన్న పెట్టిన నియమాన్ని ఆ ఇంట్లో అంత నిష్ఠగా పాటిస్తున్నది ఆయన ఒక్కడే. నాన్న కూడా చాటుగా డిపో దగ్గర నీళ్ళు తెచ్చేవాడికి బీడీలు ఇస్తున్నాడని మాకు తెలుసు.

రెండు అంగళ్ళు అలాగే గడిచాయి. ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. మూడో అంగడి రోజు పొద్దున తలుపు వెనక నిలబడి, నేను చెప్పాల్సిన మాటను లోపల చాలాసార్లు చెప్పుకున్నాను. బయట అరుగు మీద నాన్న ముఖం నిండా సబ్బు నురగ. పెద్దయ్య కత్తి తోలు మీద నూరి కుడి చెంప పూర్తి చేశాడు. ఎడమ చెంపకు మారుతున్నాడు. నాన్న నోరు తెరవలేని ఆ సమయాన్ని మించిన ముహూర్తం నాకు రాదు.

"పెద్దయ్యా" అన్నాను తలుపుతో. "నువ్వు తెచ్చిన పుస్తకంలో ఏమైందో తెలుసా?"

కత్తి ఆగింది. తలుపు మాట్లాడినా ఆయన అంత ఆశ్చర్యపోయేవాడు కాదు.

ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. అందుకని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. మంత్రి కూతురు, మగవేషం, గుర్రాలు, కోట, కాపలావాడు. నాన్న గొంతులో ఏదో శబ్దం చేశాడు గానీ కత్తి మెడ మీద ఉండటంతో అది మాటగా మారలేదు. తలపాగా జారేదాకా చెప్పి ఆపాను.

"జుట్టు బయటపడ్డదా?" అన్నాడు పెద్దయ్య. "ఎంత పొడుగు?"

"తెలియదు. రెండో భాగంలో ఉంటుంది."

"తర్వాత?" అని ఇంకో గొంతు అడిగింది. నాన్నది. కుడి చెంప నున్నగా, ఎడమ చెంప మీద నురగ ఎండి తెల్లగా పెచ్చులు కట్టి ఉంది.

"రెండో భాగం పంతులుగారి దగ్గర ఉంది. పెద్దయ్య తేవడం లేదు. కూలిలో లేదట."

నాన్న పెద్దయ్య వైపు తిరిగాడు. "తెచ్చిపెట్టుడుకు కూలి ఎంత?"

"దానికి కూలి లేదు మున్షీగారూ. పొదిల జాగ ఉంటే తెచ్చిన. మీరు ఏమన్న ఇస్తే ఇనాం అయితది. ఇనాం ఈ ఇంట్ల బందు."

"ఏంది నీ పంతం?"

"నాకేం పంతం? చేతులు చాపుడని మీరే అంటిరట, పెద్దమ్మ చెప్పింది. నా చేతుల కత్తి ఉంటది. చాపితే తెగుతది."

"అది నిన్ను అన్నది కాదు. జవానును అన్నది."

"జవాను ముంగట అన్నరా?"

లోపలి నుంచి నాయనమ్మ చెప్పింది. "వాని చేతుల పైసలు పెట్టి పంపిండు."

"అట్లనా" అన్నాడు పెద్దయ్య మెల్లగా, కత్తి మడుస్తూ. "ఆయనకు ఇచ్చిండ్రు. నాకు బందు పెట్టిండ్రు."

వీధిలో అంగడికి ఇప్పపువ్వు గంపలు మోసుకుపోతున్న ఆడవాళ్ళు నాన్న ముఖం చూసి, దొర్లి భాషలో ఏదో అనుకుని, నవ్వు ఆపుకోకుండానే పోయారు. నాన్న ఎండిన నురగను గోటితో గీరుకున్నాడు.

"తప్పే" అన్నాడు చివరికి. చాలా చిన్నగా అన్నాడు గానీ నేను తలుపు వెనక, నాయనమ్మ పొయ్యి దగ్గర, ఇద్దరం విన్నాం. "ఏం కావాలె నీకు, చెప్పు."

"పైసలు వద్దు. పుస్తకం తెస్త. అండ్ల ఏమైందో అమ్మాయిగారు ఇట్లనే చెప్పాలె. ఆమె జుట్టు సంగతి తెలవాలె నాకు."

నాన్నలోని మున్షీ మేలుకున్నాడు. "అది కూలి కిందికి వస్తదా, ఇనాం కిందికి వస్తదా?"

"నీ సగం గడ్డం దేని కిందికి వస్తదో ముందుగల అది చూస్కో" అంది నాయనమ్మ.

పెద్దయ్య మళ్ళీ నీళ్ళు పెట్టి, నురగ పట్టించి ఎడమ చెంప గీశాడు. రెండోసారి నీళ్ళు కూలిలో ఉన్నాయో లేవో ఎవరూ అడగలేదు.

రెండో భాగం తర్వాతి అంగడికి వచ్చింది. ముందు నా చేతికి రాలేదు. పెళ్ళికాని పిల్ల చదవదగిందో కాదో చూడాలని నాన్న దాన్ని డిపోకు తీసుకుపోయాడు. ఆ వారం దుంగల లెక్కలో రెండు బండ్లు తప్పిపోయాయి. చూడటం పూర్తయ్యేసరికి పుస్తకంలో మూలలు మడిచిన పేజీలు కనిపించాయి, ఒకచోట చుట్ట బూడిద కూడా. చదవదగిందేనని తీర్పు ఇచ్చాడు.

నేను ఒక్క పూటలో చదివేశాను. ఆమె ఆ గుమ్మంలోంచి బయటపడింది, ఎలాగన్నది చెప్పి ఎవరి ఆనందమూ పాడుచేయను. రాసినాయన బాగానే రాశాడు. కానీ ఎంత వెతికినా జుట్టు సంగతి లేదు. 'జుట్టు చెదిరెను' అని ఒకచోట, 'కురులు' అని ఇంకోచోట, అంతే. పొడుగు గురించి ఒక్క ముక్క లేదు.

అంగడి రోజున పెద్దయ్య వస్తూనే ముందు తలుపు వైపు చూశాడు. నాన్నను కూర్చోబెట్టి, నురగ పట్టించి, కత్తి తెరిచి, గీయకుండా ఆగాడు. నేను చెప్పాను. ఈసారి ఊపిరి తీసుకుంటూ చెప్పాను. తలుపును కొంచెం తెరిచి కూడా ఉంచాను. కోట గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన అడిగాడు.

"ఎంత పొడుగు, అమ్మాయిగారూ?"

లేదని చెప్తే సరిపోయేది. పుస్తకంలో ఉన్నది చెప్పడం వరకే ఒప్పందం.

"మోకాళ్ళ దాకా" అన్నాను. "నల్లగా. కాపలావాళ్ళు చేతిలో బల్లాలు పడేసుకుని చూశారట."

నాన్న కళ్ళు మెల్లగా తలుపు వైపు తిరిగాయి. ఆ పుస్తకాన్ని ఆయన నాకన్నా జాగ్రత్తగా చదివాడు. దుంగ పొడుగు వేలెడు తప్పుగా రాసినా సహించని మనిషి. పెద్దయ్య కత్తి ఎత్తి పట్టుకుని ఆయన్నే అడిగాడు.

"నిజమేనా మున్షీగారూ?"

నాన్న నురగలోంచి నోరు తెరిచాడు.

"మోకాళ్ళ దాకా కాదు. పిల్ల సరిగ్గా చూడలే. మడమల దాకా ఉన్నది."

పెద్దయ్య తల ఊపి గడ్డం గీశాడు. అయ్యాక పొదిలోంచి నూనె సీసా తీసి, నాన్న మాడు మీద పోసి, చాలా రోజుల తర్వాత దరువు మొదలుపెట్టాడు.