పేరు చెక్కిన పలక

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను పలకల రాతి గనులున్న మార్కాపురానికి పరిశ్రమల ప్రోత్సాహక అధికారిగా వేశారు. హోదా పొడుగు, అధికారం పొట్టి. ఫ్యాక్టరీలు చూడటం, పైవాళ్లు అడిగినదానికి జవాబు పంపడం పని.

అప్పట్లో ఢిల్లీ ఒక దేశంతో వ్యాపార ఒప్పందం మాట్లాడుతోంది. గని లీజు, కరెంటు, కూలీల గొడవ రాష్ట్రానివి. విదేశీ ఒప్పందం కేంద్రానిది. రాయి మనది, బేరం వాళ్లది. రాష్ట్రం అభిప్రాయం చెప్పవచ్చు. వినాలని మాత్రం ఎక్కడా లేదు.

అక్కడి ఫ్యాక్టరీ యజమాని వెంకటరెడ్డన్న బడిపలకలు చేయడం మానేసి చాలాకాలమైంది. గోడలకు అంటించే రాతి బిళ్లలు కోసి ఆ దేశానికే పంపేవాడు. తమ దేశంలో దిగుమతి సుంకం తగ్గితేనే ఇకమీదట కొంటానని అక్కడి వ్యాపారి తేల్చేశాడు. తగ్గకపోతే కోత మిషన్లు ఆగుతాయి, వాటి దగ్గర పనిచేసే ఆడవాళ్లు మళ్లీ మిరప కోతలకు వలస పోవాలి.

అభిప్రాయ సేకరణకు ఢిల్లీ అధికారి, ఆయన వెంట రాజధాని నుంచి మా పై అధికారి వస్తున్నారన్నారు. ఏ అధికారి వచ్చినా చెక్క చట్రం పలక మీద పేరు చెక్కించి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఈసారి బిళ్లే ఇవ్వమన్నాను.

“వట్టి రాయి చేతిలో పెడితే ఏం బాగుంటాదమ్మా?” అన్నాడు వెంకటరెడ్డన్న.

“వాళ్లొచ్చేది రాయి కోసమే గదన్నా.”

“నువ్వూరుకో. పెద్దోళ్లు వస్తాండారు, మర్యాద పోతాది.”

వచ్చినవాళ్లు దుమ్మని మిషన్ల వైపే పోలేదు. ఆఫీసు గదిలో చల్లగా టీ తాగారు. ఢిల్లీ ఆయన చేతిలో పెట్టిన పలక చూసి, చిన్నప్పుడు తానూ దీనిమీదే దిద్దానని మురిసిపోయాడు. మా సారుకు ఆ మురిపెం చాలు. ప్రతి సరుకుకూ ఒక సుంకం సంఖ్య ఉంటుంది, తగ్గింపు ఆ సంఖ్యకే వర్తిస్తుంది. రాష్ట్రం పంపే అభిప్రాయంలో గోడ బిళ్లల సంఖ్య నేను రాసిస్తే, మా సారు కొట్టేసి, పిల్లలు రాసుకునే పలక అని రాయించారు. ఢిల్లీ వారికి నచ్చింది అదేనట.

ఒప్పందం కుదిరింది. బడిపలకకు సుంకం ఎత్తేశారు. అక్కడ పలక పట్టే పిల్లలెవరో నాకు తెలియదు. బిళ్లలకు పాత సుంకమే. రాజధానిలో దీన్ని విజయమన్నారు, శాలువాలు కప్పుకున్నారు.

వెంకటరెడ్డన్న సగం మిషన్లు ఆపేసి నా దగ్గరికి వచ్చాడు.

“ఏందమ్మా ఇట్ల చేసినారు? బిళ్లల సంగతి నోరు నొప్పి పుట్టేట్టు చెప్పినా గదా.”

“నోటితో చెప్పింది బిళ్ల, చేతిలో పెట్టింది పలక. వాళ్లు చేతిలోదే పట్టుకపోయినారన్నా.”

బేరంలో కుర్చీ లేని రాష్ట్రానికి ఉన్నది ఒక్క మాట. దాన్ని మర్యాదలకు ఖర్చు పెట్టేసి ఢిల్లీని తిట్టడం దండగ. ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా, ఏ అధికారి వచ్చినా ముందు కోత మిషన్ దగ్గర నిలబెట్టాను. చొక్కా మీద దుమ్ము పడ్డాకే టీ.