రజియా ఖాలా జాలీ గోడ

నారాయణఖేడ్‌లో ఒక నిండు సంసారాన్ని, గోడ కట్టించి మరీ, నడిబజారులో కూర్చోబెట్టిన ఘనత నాది. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ వీధివాళ్లంతా ఎప్పుడో నవ్వేశారు, ఇక మీరే మిగిలారు.

అప్పుడు నేను ఇళ్ల ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. కంప్యూటర్లో ఇల్లు గీయడం నేర్చినవాళ్లకు మొదట్లో ఒక జబ్బు వస్తుంది. భూమ్మీద ఖాళీ జాగాలన్నీ తమ కోసమే పడి ఉన్నాయనుకుంటారు. నాకది ముదిరి ఉన్న సమయంలో, మా అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునే రజియా ఖాలా వచ్చింది.

"సూడు సరితా, మా ఇంటి ముంగటనే సడక్. వరండల కూసుంటే వచ్చెటోళ్లు పోయెటోళ్లు అందరు సూస్తరు. పరదా కడితే గాలి రాదు. నాకు గాలి రావాలె, సడక్ కనపడాలె, నేను మాత్రం ఎవ్వలకు కనపడొద్దు. గసొంటి గోడ అయితదా?"

"ఎందుకు గాదు ఖాలా! జాలీ గోడ పెడదం."

జాలీ గోడంటే కన్నాలున్న సిమెంటు ఇటుకలు పేర్చి కట్టేది. నేను ఆ కన్నాలను ఏటవాలుగా గీశాను. లోపలి వైపు ఎత్తు, బయటి వైపు పల్లం. లోపల కూర్చుంటే వీధి కనిపిస్తుంది. వీధిలోంచి చూస్తే వరండా పైకప్పు స్లాబు తప్ప ఏమీ కనిపించదు.

ఒక్క ఇటుక గీసి గోడంతా పరిచేసరికి కంప్యూటర్ ఎత్తు ఎక్కుతున్న పాత బస్సులా మూలిగి, తెర బిగుసుకుపోయింది.

"ఉత్త గీతలు గీసి ఇడిసిపెట్టు. గోడ ఒక్కదానికి గింత పరేషాన్ ఏంది?" అన్నారు మా సార్.

"లేదు సార్, ప్రతి కన్నం కనపడాలె."

నేను పట్టిన కుందేలుకు మూడు కాళ్లు కూడా కాదు, అన్నీ కన్నాలే. మళ్లీ మళ్లీ గీసి, చివరికి గోడ నిలబెట్టాను. వీధి వైపు నుంచి చూస్తే మాత్రం నీరసం వచ్చింది. కన్నాల నిండా బూడిదరంగు స్లాబే! జైలు గోడలా ఉంది. గోడను లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసే మీట ఒకటి ఉంటుంది. నొక్కాను. అబ్బ, ఏం వెలుగు! లోపలి మంచం, పూలకుండీ, నేను కూర్చోబెట్టిన ఆడమనిషి బొమ్మ, అన్నీ తళతళా కనిపించాయి.

మీకు అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు. ఖాలాకూ కాలేదు. "అరే, నన్ను గూడ కూసోబెట్టినవ్!" అని తెరమీది బొమ్మ చూసి మురిసిపోయింది. ఆమె భర్త ఖాదర్ చిచ్చా "మాషాల్లా" అన్నాడు. నర్సింలు మేస్త్రీ గీసింది గీసినట్టు కట్టాడు.

గోడ లేచిన కొద్దిరోజులకే ఖాలా ఫోన్ చేసింది. "జల్దీ రా!"

వెళ్లగానే వరండాలో కుర్చీ చూపించింది. "గీడ కూసో. ఏం కనపడుతున్నది?"

"ఆకాశం, ఖాలా."

"ఇంకా?"

"కరెంటు తీగ."

"ఇగ సడక్ మీదికెళ్లి సూడు."

నేను బయటికి వెళ్లేసరికే ఒకావిడ సంచితో ఆగి, గోడలోంచి పలకరిస్తోంది. "ఏం ఖాలా, ఇయ్యాల బగారన్నమా? దాల్చ జర పలుచగైనట్టున్నది."

ఖాలా లోపలి నుంచి అరిచింది. "ఇన్నవా? మొన్న జర కన్నంటుకుంటే, కూరగాయల బండాయన 'మెడ పడతది ఖాలా, దిండు పెట్టుకో' అని లేపిండు!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఏకంగా ఇంటినే రచ్చకెక్కించాను.

పరదా కట్టుకోమని చెప్పెయ్ అన్నారు సార్. నా ప్రాణం ఒప్పుకోలేదు. నర్సింలన్న దగ్గరికి వెళ్లాను.

"ఇటుకలన్ని తీసి తిరగేసి పెడదం, అన్నా."

"సిమెంటు పట్టినంక తిరగేసుడేంది? గదేమన్న రొట్టెనా?"

"నేను గూడ ఉలి పడత."

పట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి, జుట్టు సిమెంటు రంగుకు తిరిగింది. పగిలినవాటి బదులు కొత్తవి పోయించాం. చివరి ఇటుక కూర్చోగానే వీధిలోకి పరుగెత్తి చూశాను. స్లాబు, స్లాబు, స్లాబు! ఇంత అందమైన స్లాబును నేను జన్మలో చూడలేదు. లోపల ఖాలా వీధినంతా కళ్లారా చూసుకుని, నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

నేను మళ్లీ తలెత్తుకు తిరగడం మొదలుపెట్టానో లేదో, ఖాదర్ చిచ్చా ఆఫీసుకొచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బేటీ, గా గోడ మల్ల ఎనుకటి లెక్క తిప్పొస్తదా?"

"ఎందుకు చిచ్చా? వాన కొడుతున్నదా?"

"వాన గాదు. ఎదురుంగ హోటలున్నది గదా. నాకు షుగరని మీ ఖాలా ఇంట్ల చాయ్‌ల సుత చక్కెర ఎయ్యది. నిన్న గాడ కూసోని జిలేబీ నోట్లె పెట్టుకున్న. గోడలకెళ్లి ఆవాజ్ వచ్చింది, 'ఉమ్మెయ్యి!' అని."

"ఉమ్మేసినవా మరి?"

"నేనొక్కన్నేనా? హోటల్ల ఉన్నోళ్లందరు ఉమ్మేసిండ్రు!"

కనుక కుడిచేత మౌసు పట్టి, కంప్యూటర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ గోడనైనా రెండు వైపుల నుంచీ చూడకుండా తిరగేయను. ఎదురుగా జిలేబీలు వేసే హోటలుంటే, ఆ ఇంటాయన నోట్లో ఏమీ లేదని రూఢి చేసుకోకుండా అసలు గోడే గీయను.