పట్టా మీద పసుపు బొట్టు

ఈ రోజు రాయ్‌పూర్‌లో మా చిన్న చెల్లెలు సుజాత ఎం.టెక్ సీటుకు కాగితాలు చూపించాల్సి ఉండింది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. పదేళ్లు బడిలో లెక్కలు చెప్పాక దొరికిన సీటు. మా ఊరు ఉసూర్ నుంచి తోడుగా నేను వచ్చాను.

దసరాకు మా ఇంట్లో కొడవలి, గొడ్డలితో పాటు చదువు కాగితాలనూ పూజలో పెడతాం. బొట్లు పెట్టేది నేనే. సుజాత బీఈ పట్టా మీద నేను పెట్టిన తడి పసుపు సరిగ్గా రోల్ నంబరు మీద పడి, అంకెలు చెదిరిపోయాయి. ఇన్నేళ్లూ మేమెవరం గమనించలేదు.

గుమాస్తా పట్టాను వెలుతురులో పెట్టి చూసి, ఈ పసుపు ఎవరు పూశారని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సుజాత "మైనే, సర్" అంది, తనే పూసినట్టు.

శుక్రవారంలోగా యూనివర్సిటీ నుంచి నకలు పట్టా తేవాలట. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుందట.

బయటికొచ్చాక సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దక్కా, ఏంది గట్ల నిలబడ్డవ్? పొద్దుగాల్నే యూనివర్సిటీకి పోదాం తియ్."

"ఆ బొట్టు నేను పెట్టిందే గదనే."

"తెలుసు. ఎం.టెక్ పట్టాకు వెనక దిక్కు పెట్టు."

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటే దేవుణ్ణి ఏమడగాలో కూడా తోచలేదు.

మీ ఇంట్లో నాలాంటి పెద్దక్క ఉంటే, పట్టాకు ముందు ఒక ప్లాస్టిక్ కవరు తొడగండి. కవరు మీద పెట్టిన బొట్టును దేవుడు కాదంటాడా? మీరే చెప్పండి.